ఊళ్ళో పాత శివాలయానికి స్లాబు వేసేస్తున్నారు: పురావస్తు శాఖ దగ్గరికి ఎలా వెళ్ళాలి, ఈలోగా ఏం చేయాలి, ఏం చేయకూడదు?

ఊరిచెరువు
అందరికీ నమస్కారం. ఒక పల్లెలోని రాతి శివాలయం గురించి తెలిసినవాళ్ళ సలహా కావాలి. స్తంభాల తీరు చూస్తే కాకతీయుల కాలం పనిలా ఉంది. నాలుగు స్తంభాల మండపం, అంతరాళం, గర్భగుడి. పైన ఇటుక శిఖరం సగం రాలిపోయింది, ఈశాన్యం మూల రావి మొక్క మొలిచింది. మండపం కప్పు కారుతోంది. గుడి ముందు నాలుగు ముఖాలా రాత ఉన్న గ్రానైటు శాసనం రాయి ఉంది, ఎప్పుడో దాని మీద సున్నం కొట్టారు.

గ్రామ కమిటీ చందాలు పోగుచేసి పని పట్టిక రాసుకుంది. కప్పు మీద నాలుగంగుళాల స్లాబు, లోపల గ్రానైట్ పలకలు, స్తంభాలకు ఎనామిల్ రంగు, ప్రహరీకి అడ్డమని శాసనం రాయిని పక్కకు జరపడం. కమిటీ వాళ్ళది భక్తే, దురుద్దేశం ఏమీ లేదు. పని ఆపమంటే వినరు కానీ సరైన దారి చూపిస్తే వింటారు.

అడగాల్సినవి ఇవి. అనుమతి ఎవరివ్వాలి? పురావస్తు శాఖకు రాస్తే గుడి మన చేతుల్లోంచి పోతుందా? శాసనం ఏం చేయాలి? కప్పు కారడం ఎలా ఆపాలి?

పహాణీ
ముందు ఆ గుడి ఎవరిదో తేలాలి. చాలా దరఖాస్తులు ఆగిపోయేది ఇక్కడే. మన దగ్గర కళలు, వారసత్వం ఒక శాఖ, గుడి ఇంకో శాఖ, పల్లె మూడో శాఖ. తెలంగాణలో పురావస్తు విభాగం, అంటే హెరిటేజ్ తెలంగాణ, యువజన, పర్యాటక, సాంస్కృతిక శాఖ కింద ఉంది. దేవాదాయ శాఖ వేరు. ఊరి దారి, కాలువ, ప్రహరీ పంచాయతీ పని. తప్పు ఆఫీసులో ఇచ్చిన కాగితం సరైన ఆఫీసుకు దానంతట అది చేరదు.

నాలుగు చోట్ల చూడండి.

ఒకటి, సర్వే నంబరు. తెలంగాణ అయితే పహాణీ, ఆంధ్ర అయితే అడంగల్. గుడి ఉన్న జాగా గ్రామకంఠమా, ఇనామా, దేవుడి మాన్యమా, పట్టానా అన్నది అందులో ఉంటుంది. ఊరి నక్షాలో గుడి గుర్తు వేసి ఉందేమో కూడా చూడండి.

రెండు, దేవాదాయ శాఖ సహాయ కమిషనర్ ఆఫీసు. 1987 నాటి దేవాదాయ చట్టం (30వ చట్టం) కింద 43వ సెక్షన్ రిజిస్టర్‌లో ఈ గుడి పేరు ఉందా? ఉంటే అందులో ఆస్తుల వివరం కూడా దొరుకుతుంది.

మూడు, రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల జాబితా. నాలుగు, కేంద్ర పురావస్తు సర్వేక్షణ, అంటే ఏఎస్ఐ జాబితా. దీనికి మనవైపు హైదరాబాద్, అమరావతి సర్కిళ్ళు ఉన్నాయి.

నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, పైన 10. జవాబుకు గడువు 30 రోజులు. ప్రశ్న చిన్నగా, ఒకే విషయంపై ఉండాలి: 'ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులోని శివాలయం మీ రక్షిత జాబితాలో ఉందా? ఉంటే నోటిఫికేషన్ నకలు ఇవ్వండి.' ఇంతే.

శిలాలేఖ
పహాణీ గారు చెప్పినవి చేస్తూనే, ఈ వారంలోనే శాసనాన్ని ఫోటో తీయండి. కప్పు కూలినా మళ్ళీ పెట్టొచ్చు. చెరిగిన అక్షరం తిరిగి రాదు.

పగటి ఎండలో, ఎదురుగా ఫ్లాష్ వేసి తీసిన ఫోటో పనికిరాదు. వెలుగు నేరుగా పడితే అక్షరాల గాట్లలో నీడే ఉండదు. చీకటి పడ్డాక ఫోన్‌ను స్టాండు మీద కదలకుండా రాయికి ఎదురుగా నిలపండి. ఇంకొకరు టార్చిని రాయి అంచు దగ్గర, రాయికి దాదాపు ఆనేంత ఏటవాలుగా, 10–15 డిగ్రీల కోణంలో పట్టుకోవాలి. ఫోన్ కదలకుండా వెలుగు దిక్కు మాత్రం మారుస్తూ చుట్టూ ఎనిమిది వైపుల నుంచి ఎనిమిది ఫోటోలు తీయండి. ఎడమ వెలుగులో కనబడని కొమ్ము పై వెలుగులో కనబడుతుంది. పక్కన స్కేలు పెట్టడం మరవొద్దు. ముఖం మొత్తం ఒకటి, తర్వాత పైనుంచి కిందికి మూడో వంతు చొప్పున, ఒకదాని అంచు ఇంకొకదానిలోకి వచ్చేలా.

నాలుగు ముఖాల రాయి కదా, నంబర్లు వేసుకోండి. పైన సూర్యచంద్రులు, లింగం, నంది, ఆవూదూడ లాంటి బొమ్మలుండి 'స్వస్తి' అని మొదలయ్యేది ఒకటో ముఖం. అక్కణ్ణుంచి ప్రదక్షిణగా.

రాయిని మాత్రం కదపొద్దు. శాసనంలో తరచూ ఈ దేవరకు, ఈ చెరువు వెనక, ఇన్ని మఱుతురుల (పాతకాలపు భూమి కొలత) భూమి అని హద్దులు రాసి ఉంటాయి. రాయి ఎక్కడుంది, ఏ ముఖం ఎటు చూస్తోంది అన్నది కూడా ఆ శాసనంలో భాగమే. ప్రహరీ గోడనే రెండు అడుగులు వంచి కట్టమనండి, దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

నల్లరాయి
కప్పు గురించి. మండపం 20 అడుగులకు 20 అనుకుందాం. నాలుగంగుళాల ఆర్‌సీసీ స్లాబు అంటే దాదాపు 133 ఘనపుటడుగులు, బరువు తొమ్మిదిన్నర టన్నుల దాకా. కాకతీయుల కట్టడాల్లో పునాది కింద ఇసుక నింపిన గుంతలుంటాయి, బరువు సమంగా దిగడానికి అది మంచి పద్ధతి. కానీ నీళ్ళు చేరి ఇసుక ఒక పక్క జారితే స్తంభం ఒరుగుతుంది. ఒరిగిన స్తంభాల మీద కొత్త బరువు పెట్టకూడదు. ముందు నాలుగు స్తంభాలకూ తూకం గుండు కట్టి పైనుంచి కిందికి ఎంత ఒరిగాయో కొలిచి రాసుకోండి.

గచ్చుపని
నల్లరాయి గారూ, స్లాబు వద్దన్నదానికి ఒప్పుకుంటాను కానీ బరువు కారణం సగమే నిజం. పాత పద్ధతిలో రాతి కప్పు మీద ఇటుక కంకర సున్నపు గచ్చు నాలుగంగుళాలు వేసినా అదే జాగాకు ఏడు టన్నులకు పైనే అవుతుంది. కట్టినవాళ్ళు ఆ బరువు లెక్కేసుకునే కట్టారు. అసలు తప్పు ఎక్కడంటే, పాత గచ్చు తీయకుండా దాని మీద ఒకసారి సిమెంటు, ఇంకోసారి మట్టి, మళ్ళీ సిమెంటు, చివరికి స్లాబు, ఇలా పేర్చుకుంటూ పోవడం. కొన్ని గుళ్ళ మీద అడుగున్నర మందం పేరుకుని ఉంటుంది.

స్లాబుతో ఇంకో రెండు తిప్పలు. ఎండకు అది సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. రాతి కప్పు దాంతో సమంగా కదలదు కాబట్టి అంచు రాళ్ళు, చూరు రాళ్ళు మెల్లగా బయటికి నెట్టుకుపోతాయి. రెండోది, స్లాబు అంచుల నుంచి చొరబడ్డ నీరు మళ్ళీ పైకి ఆరిపోయే వీలుండదు. కిందికే దిగుతుంది. పదేళ్ళకు లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, స్లాబే పెచ్చులూడుతుంది. అప్పుడు దాన్ని పగలగొట్టడానికి సమ్మెట దెబ్బలు పాత రాయి మీదే పడతాయి.

నల్లరాయి
ఒప్పుకుంటున్నాను. అదనపు బరువు అనాల్సింది. కప్పు మీద ఒక మూల అడుగు చదరంలో తవ్వి, రాతి పలక దాకా ఎన్ని పొరలున్నాయో, ఒక్కొక్కటి ఎంత మందమో కొలిచి ఫోటో తీస్తే ఎంత తీసేయాలో ఎంత వేయాలో లెక్క తెగుతుంది. అది కూడా శాఖ ఇంజనీరు సమక్షంలో తవ్వడమే మేలు.

ఓరుగల్లు
ఒక మాట చెప్తా. కమిటోళ్ళు 'మొత్తం విప్పి మళ్ళ పేర్చుదాం' అంటే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. హనుమకొండ వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం 2006ల విప్పిన్రు, తిరిగి తెరిచింది 2024 మార్చిల. కేంద్ర శాఖ చేతుల ఉండి గంత కాలం పట్టింది. ఊరి చందాల మీద విప్పిన గుడి రాళ్ళు చెట్ల కింద కుప్పలు పడి ఉంటయి, తర్వాత ఒక్కొక్కటి ఎవరింటి మెట్టో అయితది.

శిలాలేఖ
నిజమే. విప్పి కట్టిన మంచి ఉదాహరణలు లేకపోలేదు. శ్రీశైలం జలాశయంలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలాగే తెచ్చి అలంపురంలో నిలబెట్టారు. కానీ దానికి ప్రతి రాయికీ నంబరు, ప్రతి వరుసకూ కొలతల బొమ్మ ఉండాలి, మోకు పట్టే పనివాళ్ళు ఉండాలి. మునిగిపోతుంటే తప్ప ఎంచుకోకూడని దారి అది.

గుడిమాన్యం
రక్షిత కట్టడం చేయించండి అంటారు గానీ, ఊళ్ళో భయం వేరే ఉంది. రక్షితం అయిందంటే చుట్టూ వంద మీటర్లలో ఇల్లు కట్టుకోనివ్వరు, పూజలు ఆపేస్తారు, తాళం వేస్తారు అంటారు. దీనికి జవాబు లేకుండా గ్రామసభలో తీర్మానం ఎలా అవుతుంది?

పహాణీ
న్యాయమైన ప్రశ్న. దీన్ని దాచిపెట్టి తీర్మానం చేయిస్తే రేపు గొడవ అవుతుంది, గ్రామసభలో విప్పి చెప్పడమే మంచిది.

వంద మీటర్ల లెక్క కేంద్ర రక్షిత కట్టడాలది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడానికి వీల్లేదు. ఉన్న ఇంటి మరమ్మతుకు అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లలో అనుమతితో కట్టుకోవచ్చు. కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

మీరు అడుగుతున్నది రాష్ట్ర శాఖను. దానికి ఆంధ్రలో 1960 నాటి చట్టం, తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం. హద్దులెంత అన్నది ఆ గుడి నోటిఫికేషన్, దాని కింది నిబంధనలు చదివి చెప్పాలి తప్ప కేంద్రం లెక్క తెచ్చి భయపెట్టకూడదు. ఇంకో సంగతి, ప్రకటన ఒక్క రాత్రిలో అయిపోదు. ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి రెండు నెలలు ఇస్తారు. అవి విన్నాకే తుది నోటిఫికేషన్. ఊరివాళ్ళు ఏ సర్వే నంబర్లు హద్దులో పడుతున్నాయో చూసి రాతపూర్వకంగా చెప్పుకోవాల్సిన సమయం అదే.

పూజల సంగతి. రామప్ప గుడి కేంద్ర రక్షిత కట్టడం, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడ పూజలు జరుగుతూనే ఉన్నాయి. పూజ ఆగదు, పూజ పేరుతో కొత్త గదులు, షెడ్లు కట్టడం ఆగుతుంది.

గుడిమాన్యం
అయితే రక్షితం కాకముందు శాఖ ఏమీ చేయదా?

పహాణీ
చేయగలదు. అధికారి వచ్చి చూసి నివేదిక ఇవ్వొచ్చు, మరమ్మతు ఎలా చేయాలో చెప్పొచ్చు. దరఖాస్తు ఇలా రాయండి. పురావస్తు శాఖ సంచాలకుల పేర ఒకటి, జిల్లా కలెక్టరుకు ఒకటి, గుడి దేవాదాయ శాఖ రిజిస్టర్‌లో ఉంటే సహాయ కమిషనర్‌కు ఒకటి. మూడింటిలోనూ ఒకే పాఠం, కింద ఎవరెవరికి పంపారో రాయాలి. మొదటి పేరాలోనే 'ఫలానా తేదీన పని మొదలు కాబోతోంది' అని ఉండాలి. తేదీ లేని విన్నపం ఫైలు అడుగుకు పోతుంది.

జతపరచాల్సినవి: గ్రామసభ తీర్మానం నకలు, సర్వే నంబరు కాగితం, నక్షా ముక్క, నాలుగు దిక్కుల నుంచి గుడి ఫోటోలు, లోపలి కప్పు, ద్వారబంధం, పగుళ్ళు, శాసనం ఫోటోలు, ఫోన్లో వచ్చే అక్షాంశ రేఖాంశాలు, టేపుతో కొలిచి చేత్తో గీసిన నేల ప్లాను. ప్లాను అందంగా ఉండక్కర్లేదు, కొలతలుంటే చాలు. ఆఫీసులో ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గర ఉంచుకోండి.

దేవాదాయ శాఖ ఉమ్మడి నిధి అయిన సర్వశ్రేయోనిధి కింద డబ్బు వస్తుందని ఎవరైనా అంటే ఒక జాగ్రత్త. ఆ అంచనాలు ఎక్కువగా మామూలు కట్టడాల రేట్లతోనే, సిమెంటు పనికే తయారవుతాయి. సున్నం పని అంచనాలో ముందే రాయించకపోతే తర్వాత మార్చడం కష్టం.

ఊరిచెరువు
చాలా కృతజ్ఞతలు. కమిటీ కప్పు పని వాయిదా వేయడానికి ఒప్పుకుంది. శాసనం అచ్చు తీయొచ్చా? కాగితం, సిరా ఏవి వాడాలి? సున్నం తీయడానికి యాసిడ్ వాడదామని ఒకరంటున్నారు.

శిలాలేఖ
యాసిడ్ ముట్టుకోవద్దు. గ్రానైటు గట్టిదే అయినా అందులోని నల్ల మెరుపు రేకులను యాసిడ్ తినేస్తుంది, రాయి మీద తుప్పురంగు మరకలు దిగుతాయి. ఇసుకతో కొట్టించే బ్లాస్టింగ్, ఇనుప తీగల బ్రష్షు, మేకు, ఇవేవీ వద్దు. అక్షరాలు బాగా కనబడాలని సుద్దతోనో పెయింటుతోనో దిద్దడం మరీ తప్పు. దిద్దేవాడు తాను ఊహించిన అక్షరాన్ని దిద్దుతాడు, తర్వాత చదివేవాళ్ళకు అదే అసలనిపిస్తుంది. సున్నం పలుచగా ఉంటే నీళ్ళతో నానబెట్టి మెత్తటి కొబ్బరిపీచు కుంచెతో రుద్దితే కొంత వస్తుంది. గాట్లలోని మట్టికి వెదురు పుల్ల. మందంగా కరుడుగట్టిన పొరను శాఖ రసాయన విభాగానికి వదిలేయండి.

అచ్చు సంగతి. రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా తీయకూడదు. మీది జాబితాలో లేదని తేలితే, రాయి గ్రానైటు అంటున్నారు కాబట్టి తీయొచ్చు. ఇసుకరాయి పొడి రాలుతున్నా, రాయి పెచ్చులు లేస్తున్నా అచ్చు తీయకూడదు, కుంచె దెబ్బకు అక్షరమే ఊడి వస్తుంది. అప్పుడు ఫోటోలతోనే సరిపెట్టుకోవాలి.

కావలసినవి: గట్టి మ్యాప్‌లిథో కాగితం, పొడవాటి గట్టి వెంట్రుకలున్న చదును కుంచె, దూది కూరి గుడ్డతో కట్టిన మెత్త, దీపపు మసిని తుమ్మ జిగురు నీళ్ళలో నూరిన నల్ల సిరా. ఆయిల్ కలిసిన ముద్రణ ఇంకు వద్దు, రాయికి తగిలితే పోదు.

రాయి కడిగి తడిగా ఉండగానే, నీళ్ళలో తడిపిన కాగితాన్ని పైనుంచి కిందికి దించండి. మధ్య నుంచి అంచులకు అరచేత్తో నిమిరి గాలి బుడగలు తీసేయాలి. తర్వాత కుంచెను నిలువుగా పట్టి, వెంట్రుకల కొనలతో తడుతూ పోవాలి, రుద్దకూడదు. కాగితం ప్రతి గాటులోకీ దిగాలి. ఎక్కడైనా చిరిగితే అక్కడే ఇంకో తడి కాగితం ముక్క వేసి మళ్ళీ తట్టాలి. లేకపోతే ఆ చిరుగులోంచి సిరా రాయి మీదికి పోతుంది.

ఇక్కడ ఆగాలి. చాలామంది అచ్చు చెడగొట్టేది ఈ దగ్గరే. కాగితం మీద తడి మెరుపు పోయి, ముట్టుకుంటే చల్లగా ఉండి వేలికి నీరంటకుండా ఉన్నప్పుడే సిరా మొదలుపెట్టాలి. తొందరపడితే సిరా గాట్లలోకి పాకి అక్షరం మూసుకుపోతుంది. ఆలస్యమైతే కాగితం ఎండి రాయిని వదిలేస్తుంది, మెత్త తగలగానే జరుగుతుంది. ఎండాకాలం పొద్దున ఏడింటికి మొదలుపెడితే ఈ అదను నాలుగైదు నిమిషాలకు మించి దొరకదు. అందుకే పెద్ద రాయిని ముక్కలుగా చేస్తారు.

మెత్తకు సిరా అంటించి, ముందు వేరే కాగితం మీద నాలుగుసార్లు తట్టి ఎక్కువది పోగొట్టాలి. ఆ తర్వాత శాసనం కాగితం మీద తేలికగా, సమంగా తట్టండి. ఒకేసారి నల్లగా రావాలనుకోవద్దు, మూడు విడతల్లో రావాలి. రాతి ఉపరితలం నల్లగా, అక్షరం తెల్లగా తేలుతుంది. ఆరాక పై మూల నుంచి మెల్లగా ఊడదీయండి. వెనక పెన్సిలుతో ఊరు, మండలం, గుడి, ముఖం నంబరు, పంక్తుల సంఖ్య, తేదీ రాయండి. రెండు ప్రతులు తీసి ఒకటి పురావస్తు శాఖకు ఇవ్వండి. ఏఎస్ఐ శాసన విభాగం ప్రధాన కార్యాలయం మైసూరులో ఉంది, ఏటా కొత్తగా దొరికిన శాసనాల నివేదికలు వేస్తుంది. పంపేముందు ఈ ఊరి శాసనం ఇదివరకే అచ్చయిందేమో జిల్లా శాసన సంపుటాల్లో చూడండి. దక్షిణ భారత శాసనాల పదో సంపుటం మొత్తం తెలుగు శాసనాలే.

గుడిమాన్యం
శాసనంలో శక సంవత్సరం కనబడితే మన లెక్కలోకి, అంటే క్రీస్తుశకంలోకి ఎలా మార్చుకోవాలి? 78 కలపడమేనా?

శిలాలేఖ
78 కలపడం మొదటి మెట్టు. సంవత్సరం పేరుతో సరిచూసుకోవాలి. రామప్ప శాసనం తీసుకోండి: శక 1135, శ్రీముఖ సంవత్సరం, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం. 1135కు 78 కలిపితే 1213. ఇప్పుడు 1987 ప్రభవ అని మనకు తెలుసు. అరవై చొప్పున పదమూడు ఆవృత్తాలు, అంటే 780 ఏళ్ళు వెనక్కి పోతే 1207 ప్రభవ. ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత, ప్రజోత్పత్తి, ఆంగీరస, శ్రీముఖ. ఏడోది, అంటే 1213. కుదిరింది. ఇలా కుదరకపోతే శకం అంకెల్లో ఒకటి మీరు తప్పు చదివి ఉండొచ్చు. తిథి పుష్య మాఘాల్లో ఉంటే పేరు కుదిరినా మన లెక్కలో తర్వాతి ఏడు పడొచ్చు.

అంకెలకు బదులు మాటలుంటే కంగారు పడొద్దు. నేత్ర అంటే 2, అగ్ని 3, వేద 4, బాణ 5. వాటిని కుడినుంచి ఎడమకు పేర్చుకోవాలి. చివర్లో 'స్వదత్తాం పరదత్తాం వా' అని కనబడితే దానశాసనమని, పాఠం అయిపోవచ్చిందని గుర్తు.

గచ్చుపని
ఇక సున్నం. సంచుల్లో వచ్చే తెల్ల సున్నప్పొడి గోడలకు వెల్ల వేయడానికి తప్ప దీనికి పనికిరాదు, గాలికి సగం చచ్చి ఉంటుంది. కాల్చిన సున్నపు గడ్డలు, తాజావి తెప్పించండి. గుంతలో నీళ్ళు ముందు పోసి గడ్డలు తర్వాత వేయాలి. గడ్డల మీద నీళ్ళు పోస్తే చిమ్ముతుంది, కళ్ళు పోతాయి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దు. ఉడుకు తగ్గాక జల్లెడ పట్టి, పైన నాలుగు వేళ్ళ నీరు నిలిచేలా కనీసం మూడు వారాలు నాననివ్వాలి. మూడు నెలలు నానితే ఇంకా మంచిది. సరిగా నానని సున్నం గోడలోకి వెళ్ళాక ఉబ్బి, పైపొరను బొడిపెలుగా ఎగదోస్తుంది.

రాళ్ళ అతుకులకు సున్నపు ముద్ద ఒక పాలు, ఉప్పు లేని నది ఇసుక మూడు పాళ్ళు. తడి తగిలే చోట, శిఖరం మీద, సున్నం ఒకటి, సుర్కీ (ఇటుక పొడి) ఒకటి, ఇసుక ఒకటి. సుర్కీకి మెత్తగా కాలిన ఇటుక కావాలి. నల్లగా మాడిన చిట్టెపు ఇటుక పొడి సున్నంతో కలిసి గట్టిపడదు, ఊరికే ఇసుకలా ఉండిపోతుంది. కలపడం గానుగలో జరగాలి, పారతో కలిపితే చాలదు. కరక్కాయ, బెల్లం నీళ్ళు పాతకాలం నుంచీ కలిపేవే. బెల్లం ఎక్కువైతే గచ్చు గట్టిపడటం ఆలస్యమవుతుంది, చీమలు, బూజు చేరతాయి.

అతుకులోని పాత సిమెంటును చిన్న ఉలితో అంగుళం లోతు తీయాలి. కటింగ్ మెషీన్ పెడితే రాతి అంచులు తెగుతాయి. లోపల తడిపి, గచ్చును దట్టించి, రాతి ముఖానికి కాస్త లోపలే ఆపండి. రాతి మీద పాకించి గీతలు గీయడం బాగా కనిపిస్తుందని చేస్తారు. ఆ పెదవి కిందే నీరు నిలుస్తుంది. అర అంగుళం వెడల్పు, అంగుళం లోతు ఉన్న అతుకు వంద మీటర్లకు గచ్చు ముప్పై లీటర్ల పైచిలుకు. వృథాతో కలిపి నలభై అనుకోండి, అందులో సున్నపు ముద్ద పది నుంచి పదమూడు లీటర్లు. తర్వాత పది రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలి. ఎర్రటెండలో ఆరితే ఒక్క రోజులోనే వెంట్రుక పగుళ్ళు.

కప్పు మీద అయితే ముప్పావు అంగుళం ఇటుక కంకర రెండున్నర పాళ్ళకు ఒక పాలు నానిన సున్నం. ఇసుక కలపరు. పరిచి చెక్క దిమ్మిసలతో కొట్టడమే అసలు పని. దిమ్మిస తగిలితే గుంత పడకుండా తిరిగి ఎగిరేదాకా కొట్టాలి, రోజులు పడుతుంది. నీరు పోయే వాలు ముందే పెట్టుకోవాలి, పదడుగులకు రెండంగుళాలు.

నల్లరాయి
సిమెంటు ఎందుకు వద్దో కమిటీకి చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. 'సిమెంటు పెడితే గ్రానైటు పొడైపోతుంది' అని చెప్పకండి. అది నిజం కాదు, ఎవరైనా మేస్త్రీ కాదంటే మీ మిగతా మాటలూ నమ్మరు. పొడయ్యేది ఇటుక శిఖరం, ఇసుకరాయి. సిమెంటులోని లవణాలు, లోపల చిక్కుకున్న తడి కలిసి మెత్తటి రాయిని, ఇటుకను తింటాయి. గ్రానైటు గోడలో నష్టం వేరు. గోడ మధ్య నింపిన రాళ్ళు, మట్టి తడి ఆరక జారుతాయి, గోడ ముఖం ఉబ్బుతుంది. రాళ్ళను కలిపే ఇనుప కొక్కేలుంటే తుప్పు ఉబ్బి రాయినే చీలుస్తుంది. కొత్త కొక్కెం అవసరమైతే స్టెయిన్‌లెస్ స్టీలు లేదా రాగి.

ఓరుగల్లు
రావి చెట్టు గురించి ఎవరు చెప్పలే. పీకొద్దు! వేరు ఇటుకల నడుమ ఎన్నో అడుగులు పోయి ఉంటది, గుంజితే శిఖరం మూల మొత్తం ఊడి కింద పడ్తది. నరికి ఊకుంటే ఆర్నెల్లల్ల రెండింతలు చిగురిస్తది. కాండం మొదలు దగ్గర కోసి, అప్పుడే పచ్చి కోతల మందు పట్టించాలె, వేరు లోపల సచ్చినంక అందినకాడికి తీసి, సందును సున్నపు గచ్చుతో నింపాలె. మందు ఏది, ఎంత అన్నది శాఖోళ్ళతోనే చేయించున్రి, కింద జనం తీర్థం తీసుకునే జాగ. ఇది వానలు పడకముందే కావాలె.

గచ్చుపని
బాగా చెప్పారు. లోపల గ్రానైట్ పలకలు కూడా వద్దు. పాత నేల మీద పలక, కింద సిమెంటు కలిపి మూడంగుళాలు లేస్తుంది. బయటికి ఉన్న వాలు మారి, అభిషేకం నీళ్ళు సోమసూత్రం తూము దాకా పోకుండా గర్భగుడిలోనే నిలుస్తాయి. స్తంభం అడుగు పీట పూడిపోతుంది. నేల రాళ్ళు ఎగుడుదిగుడైతే ఆ రాయినే ఎత్తి, కింద ఇసుక సర్ది, మళ్ళీ అక్కడే కూర్చోబెట్టండి. ఎనామిల్ రంగు సంగతి ఇంకా తేలిక. డబ్బు మిగుల్చుకోండి. లైట్లకు స్తంభంలో రంధ్రం వేయకుండా, గుడ్డ చుట్టిన పట్టీతో బిగించుకోవచ్చు.

పహాణీ
నేల రాళ్ళు ఎత్తేముందు ఒక హెచ్చరిక. పాత గుళ్ళలో నంది కింద, గర్భగుడిలో గుప్తనిధుల కోసం రాత్రిళ్ళు తవ్వేవాళ్ళున్నారు. నేల తీసే పని పగటిపూట, పంచాయతీ కార్యదర్శి ఉండగా, ఫోటోలు తీస్తూ చేయండి. నాణేలో విగ్రహమో బయటపడితే పని అక్కడే ఆపి తహసీల్దారుకు చెప్పాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైనది దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాల్సిన బాధ్యత దొరికినవాళ్ళదే. ఆవరణలో విడిగా పడి ఉన్న పాత విగ్రహాలను ఇంకో గుడికి తరలించవద్దు. వాటినీ ఇప్పుడే ఎత్తు, వెడల్పు కొలిచి ఫోటోలు తీసి జాబితా రాయండి. దొంగతనం జరిగితే పోలీసులు మొదట అడిగేది ఫోటోనే.

ఊరిచెరువు
శాసనం రాయి కదపకుండా ప్రహరీ వంచడానికి కమిటీ సరేనంది. దరఖాస్తులు ఇస్తున్నాం. శాఖ వాళ్ళు వచ్చేలోగా వానలు మొదలైతే మండపం మీద టార్పాలిన్ కప్పాలనుకుంటున్నాం. నేరుగా పరిచి రాళ్ళు పెడితే చాలా?

గచ్చుపని
నేరుగా పరచొద్దు. కింద తడి ఊరి పాచి పడుతుంది, గాలి ఆడక కప్పు ఇంకా పాడవుతుంది. వెదురుతో నడుమ ఎత్తుగా, రెండు వైపులా వాలుగా చట్రం కట్టండి. కప్పుకూ టార్పాలిన్‌కూ మధ్య కనీసం అడుగు ఖాళీ ఉండాలి. వెదురు కాళ్ళు శిఖరం ఇటుకల మీద కాకుండా నేల మీద నిలవాలి. కప్పుకు మేకు కొట్టవద్దు, తాళ్ళు స్తంభాలకు కట్టవద్దు. గాలికి టార్పాలిన్ ఎగిరితే ఆ లాగుడు స్తంభం మీద పడుతుంది. తాళ్ళను నేల మీది ఇసుక బస్తాలకు కట్టండి, మూలకు రెండు బస్తాలు. టార్పాలిన్ నీళ్ళు పడేచోట గోడకు మూడడుగుల దూరంలో చిన్న కాలువ తవ్వి దిగువకు వదలండి. పునాది పక్కన మాత్రం తవ్వకండి.